ఆ మధ్యమం మెట్టు

మన బడి పాత విద్యార్థుల మీటింగ్ కమిటీవాళ్ళు మూడుసార్లు ఫోన్ చేశారు, నువ్వు పాటగాడివి కదా రెండు పేజీలు రాయరా అని. నాలుగోసారి బండోడు చేసి, నువ్వు రాయకపోతే తొమ్మిదో తరగతి యానివర్సరీ సంగతి నేనే రాసేస్తాను అన్నాడు, అంచేత రాస్తున్నాను. ఆరు, ఏడు, ఎనిమిది ఎటు పోయాయో నాకు గుర్తులేదు. మూడు లాంతర్ల దగ్గర పకోడీగాడి సైకిలు, చింపిరి నిక్కరు, అంతే. మిగతాదంతా హార్మోనీ మాస్టారే.

ఆయన చెప్పేది సోషల్, కానీ పానిపట్టు యుద్ధం మొదలెట్టి ఆదిభట్ల నారాయణదాసు గారి దగ్గర తేలేవారు. మన విజయనగరం మ్యూజిక్ కాలేజీ 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ దాసు గారు, ఆయన రెండు చేతులూ రెండు కాళ్ళూ తలా కలిపి అయిదు తాళాలు వేసేవారట్రా గుంటల్లారా, అని బల్ల మీద చూపించబోయి మూడో తాళం దగ్గర కుర్చీ తన్నేశారు. బండోడు నవ్వాడు, దెబ్బలు నాకు పడ్డాయి.

ఇక యానివర్సరీ. బడి హార్మోనియం వాయిస్తూ పాడాను, మధ్యమం మెట్టు, అదే 'మ' స్వరం, నొక్కితే లేవదు, దాన్ని తప్పించుకుంటూ వాయించాలి. బయటినుంచి వచ్చిన జడ్జి వాయిద్యానికి 8, గాత్రానికి 4 వేశాడు. నేను స్టేజీ వెనకాల ఏడుస్తుంటే (బండోడా, ఇదే కదా నీ సంగతి) మాస్టారొచ్చి ఒట్టిగా పాడమన్నారు. తర్వాత ఒట్టిగా వాయించమన్నారు. రెండూ బాలేవు. అప్పుడు రెండూ కలిపి చెయ్యమని, "పాట వచ్చినప్పుడు నీ చెయ్యి ఎక్కడ తగ్గిందో చూసుకున్నావేట్రా? దానికి ఆ జడ్జి మార్కుల కాగితం మీద గడి ఉందా?" అన్నారు. అలాగని వదల్లేదు, మర్నాటి నుంచి రోజూ సరళీ వరసలు (సంగీతంలో మొదటి పాఠాలు) మూడు వేగాల్లో గంటసేపు. చెయ్యి తగ్గాలంటే ముందు చెయ్యి ఉండాలి కదా అని ఆయన లెక్క.

చాలా ఏళ్ళకి హైదరాబాద్‌లో ఉద్యోగంలో పడ్డాక అమెరికన్ గాయని నీనా సిమోన్‌ని విన్నాను, మాస్టారే గుర్తొచ్చారు. ఆవిడ కచేరీ పియానిస్టు అవుదామనుకుంది, 1951లో ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్ అనే సంగీత కాలేజీ సీటివ్వలేదు. తర్వాత ఓ బార్లో పియానోకి చేరితే పాడితేనే ఉద్యోగం అన్నారట, అలా పాడింది. విడివిడిగా తూస్తే ఆవిడకంటే వేగంగా వాయించేవాళ్ళున్నారు, పైస్థాయికి సునాయాసంగా వెళ్ళే గొంతులూ బోలెడు. కానీ ఓ ప్రేమపాట మధ్యలో పాతకాలపు జర్మన్ సంగీతకారుడు బాఖ్ పద్ధతిలో రెండు చేతులూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి, గొంతు అందుకునేసరికి పియానో పక్కకి తప్పుకుంటుంది, ఆ తప్పుకోవడాన్ని ఎందులో వేస్తారు, వాయిద్యంలోనా గాత్రంలోనా? 2003లో చనిపోయే ముందు అదే కర్టిస్ గౌరవ డిగ్రీ ఇచ్చింది. అమెరికన్ జాజ్ గాయకుడు నాట్ కింగ్ కోల్ది ఇంకో తంటా, ముందు గొప్ప పియానిస్టు, గొంతు హిట్టయ్యాక జనం ఆ వేళ్ళనే మర్చిపోయారు. ఆయనా 1919లోనే పుట్టాడు, మాస్టారికి తెలిస్తే మళ్ళీ దాసు గారి దగ్గరికి వెళ్ళిపోయేవారు.

మా పాప పియానోలో ట్రినిటీ (లండన్ వాళ్ళ సంగీత పరీక్షలు) గ్రేడ్ పరీక్షలు రాస్తోంది. అందులో ఒక్కో పీసుకి 22 మార్కులు, స్వరాలు తప్పకుండా వాయిస్తే 7, పనితనానికి 7, భావానికి 8. ఆ ఒక్క మార్కు ఎక్కువ చూసి పాప అడిగింది ఇదేంటి నాన్నా అని, నాకు గొంతు పట్టేసింది. డిస్టింక్షన్ వచ్చింది లెండి. ఇంట్లో పియానో సొంతం, ఈఎంఐ కూడా మొన్న సంక్రాంతికి అయిపోయింది.

మీటింగ్ రోజు నేనూ వాయించాలట, బండోడి ఆర్డరు. బడి హార్మోనియం ఇంకా స్టాఫ్ రూమ్ బీరువా మీదే ఉందన్నారు. పకోడీ, నువ్వు ఊళ్ళోనే ఉన్నావు కదా, బేగి ఓసారి వెళ్ళి ఆ మధ్యమం నొక్కి చూడరా. బాగుచేయించేశారంటే మాత్రం నాకు వాయించడం రాదు.