'ఇన్ టైమ్': ముప్పై చాయ్‌ల బస్సు టికెట్

2011లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఇన్ టైమ్'లో పేరున్న ముఖాలకు కొదవ లేదు. జస్టిన్ టింబర్‌లేక్, అమాండా సైఫ్రిడ్, కిలియన్ మర్ఫీ, ఒలివియా వైల్డ్. రాసి తీసింది ఆండ్రూ నికోల్. అంతకుముందు 'గట్టాకా' తీసి, 'ది ట్రూమన్ షో' కథ రాసిన మనిషి. కెమెరా రోజర్ డీకిన్స్. ఇంతమంది ఉండి కూడా మొదటి అరగంట దాటాక సినిమా చేజారిపోతుంది. తప్పు నటులది కాదు. సినిమా తను పెట్టిన లెక్కను తానే మరిచిపోయింది. ఇక్కడ కథంతా విప్పే చెప్తున్నాను, చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

ఆ లోకంలో పైసలుండవు, కాలమే పైస. 25 ఏళ్లు నిండగానే ఎవరికైనా వయసు ఆగిపోతుంది, ఎడమ ముంజేతి మీద ఆకుపచ్చ అంకెల్లో ఒక ఏడాది గడియారం మొదలవుతుంది. అది సున్నాకొస్తే మనిషి ఉన్నచోటే కూలిపోతాడు. జీతం, మిత్తి, కిరాయి అన్నీ ఆ అంకెల్లోనే జమ, ఆ అంకెల్లోంచే ఖర్చు. చేతులు కలిపి ఒకరి కాలం ఒకరికి ఇవ్వొచ్చు, బలముంటే గుంజుకోనూవచ్చు. డేటన్ అనే బస్తీలో ఏనాటి కైకిలి ఆనాటికే. న్యూ గ్రీనిచ్‌లో ఒక్కొక్కరి చేతి మీద వందల ఏళ్లు.

హీరో (టింబర్‌లేక్) తల్లి చనిపోయే సీన్ సినిమాకు ప్రాణం. ఆమె అప్పు కట్టేసి బస్సెక్కుతుంది. నిన్నటిదాకా గంట ఉన్న టికెట్ ఇవాళ రెండు గంటలైంది. ఆమె చేతి మీద మిగిలింది గంటన్నర. నడిచి పోవాలంటే రెండు గంటలు. డ్రైవర్ దించేస్తాడు, ఆమె ఉరకడం మొదలుపెడుతుంది. కొడుకు బస్టాప్‌లో ఎదురుచూస్తుంటాడు. బస్సొస్తుంది, తల్లి దిగదు. విషయం అర్థమై అతనూ ఉరుకుతాడు. చేతులు కలిసే క్షణానికి అంకెలు అయిపోతాయి.

రెండు గంటల నడక అంటే సుమారు 10 కిలోమీటర్లు. కాజీపేట జంక్షన్ నుంచి వరంగల్ స్టేషన్ దాకా అన్నమాట. దాన్ని గంటన్నరలో చేరాలంటే గంటకు 6.7 కిలోమీటర్ల వేగం చాలు. పాతికేళ్ల ఒళ్లున్న మనిషికి మెల్లగా ఉరికినా అందే వేగమే. అయినా సీన్ చూస్తున్నప్పుడు ఎవరికీ ఆ అనుమానం రాదు. టికెట్ ఎంతో, చేతిలో ఎంతుందో, దూరమెంతో మూడూ ముందే చెప్పారు కాబట్టి తీసివేత మన మనసులోనే జరిగిపోతుంది. థ్రిల్లర్‌కు కావాల్సిన బిగువంతా ఆ తీసివేతలోనే ఉంది.

ఇప్పుడు మిగతా ధరలు చూడండి. కప్పు కాఫీ నాలుగు నిమిషాలు. దాన్ని మన పది రూపాయల చాయ్ అనుకుంటే ఒక ఏడాది 1,31,400 చాయ్‌లు, అంటే 13,14,000 రూపాయలు. హీరో కొన్న కారు 59 ఏళ్లు, మన లెక్కలో ఏడుమ్ముక్కాలు కోట్లు. ఖరీదైన కారే కదా, అది కుదురుతుంది. బస్సు టికెట్ మాత్రం ముప్పై చాయ్‌లు, మూడొందల రూపాయలు. పాత ధరలో చూసినా నూటయాభై. కూలికి పోయేవాళ్లు ఎక్కే సిటీ బస్సుకు ఆ టికెట్ మన దగ్గర ఎక్కడా ఉండదు. సీన్‌కు రెండు గంటలు కావాల్సొచ్చి పెట్టిన ధర అది. ఒక్కసారికైతే క్షమించొచ్చు.

పోనుపోను ధరలే మాయమవుతాయి. హీరోకు మొదట్లోనే ఒక అపరిచితుడి దగ్గర్నుంచి 116 ఏళ్లొచ్చి ఉంటాయి, పేకాటలో వెయ్యేళ్లకు పైగా గెలుస్తాడు, పోలీసులు అంతా లాక్కొని రెండు గంటలు వదులుతారు. అక్కడ బిగువు మళ్లీ రావాలి. కానీ అంకెలు తగ్గిన ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడి కాపాడుతుంది. తర్వాత హీరో హీరోయిన్లు కలిసి చేసే బ్యాంకు దోపిడీలు. చివరికి పది లక్షల ఏళ్లు తెచ్చి బస్తీలో పంచేస్తారు. పది లక్షల మందికి పంచితే మనిషికి ఒక్క ఏడాది. అందరి చేతిలో ఏడాది ఉన్న రోజు కాఫీ ఎంతవుతుంది? మిర్చి సీజన్‌లో ఏనుమాముల యార్డుకు ఒక్కరోజే బస్తాలు పోటెత్తితే రేటు ఏమవుతుందో వరంగల్‌లో ఎవరినడిగినా చెప్తారు. ఇంత కాలం ఒక్కసారి గుమ్మరిస్తే వ్యవస్థ కుప్పకూలుతుందని విలన్ ఒక మాటంటాడు, సినిమా దాన్ని దాటి వెళ్లిపోతుంది. అసలు కథ ఆ మాటలోనే ఉంది.

నటుల విషయం కొంచెం బాధ పెడుతుంది. 1984లో పుట్టిన ఒలివియా వైల్డ్ 1981లో పుట్టిన టింబర్‌లేక్‌కు తల్లి. విలన్ అత్త, భార్య, కూతురు ఒకే వయసులో వరుసగా నిలబడే ఒక పరిచయం కూడా ఉంది. చూడగానే ఒళ్లు జలదరిస్తుంది. ఆ ఆలోచనను సినిమా మళ్లీ ముట్టుకోదు. కిలియన్ మర్ఫీ పోలీసు అందరి సెకన్లూ లెక్కబెట్టి, తన రోజు భత్యం ఎక్కించుకోవడం మరిచి చనిపోతాడు. ఉన్న పాత్రల్లో పూర్తిగా రాసింది అదొక్కటే.

ఇలాంటి లోకంతో షార్ట్ ఫిల్మ్ తీయాలనుకునేవాళ్లు స్క్రిప్టు కంటే ముందు ఒక పేజీ ధరల పట్టిక రాసుకోవాలి. మొదటి గీత కైకిలి. బతికినందుకే రోజుకు 24 గంటలు ఖర్చవుతాయి కాబట్టి కూలి అంతకు మించి ఉండాలి. 30 గంటలు పెడితే తిండికీ కిరాయికీ మిత్తికీ కలిపి మిగిలేది ఆరు. అందులో బస్సుకు రెండు గంటలు ఇవ్వలేరని అక్కడే తేలిపోతుంది, ఇరవై నిమిషాలకు దించుకుంటారు. తర్వాత ప్రతి సీన్‌కు ఎదురుగా, మొదట్లో చేతిలో ఎంత, చివర్లో ఎంత అని రెండు అంకెలు వేయండి. రెండూ ఒకటే అయిన సీన్లు వరుసగా మూడొస్తే కథ అక్కడ ఆగిపోయినట్టే. మధ్యలోదాన్ని తీసేసి, దాని ముందు సీన్‌లో ఏదో ఒక ధర పెంచి చూడండి.