కుండీలో చౌడు

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌కు బోరు నీళ్లే ఆధారం. ఒకప్పుడు వాటితో కందిపప్పు ఉడికేది కాదు, సబ్బు నురగ వచ్చేది కాదు. నీటి కాఠిన్యాన్ని తగ్గించే సాఫ్ట్‌నర్ యంత్రం పెట్టించాక ఆ రెండు బాధలూ తీరాయి. ఇంటికి ఇంత మేలు చేసిన నీళ్లు మొక్కలకు కీడు చేస్తాయన్న ఆలోచనే నాకు రాలేదు. హాల్లోనూ వంటగది కిటికీలోనూ ఉన్న పదిహేడు కుండీలకు వాటినే పోశాను.

ఏడాది తిరిగేసరికి స్పైడర్ ప్లాంట్ ఆకుల కొసలు మాడాయి. పీస్ లిలీ పూత ఆపేసింది. మట్టి మీద సున్నం చల్లినట్లు తెల్లని పొర కట్టింది. వీటన్నిటికంటే నన్ను కలవరపెట్టింది మట్టి బిగిసిపోవడం. చెంబెడు నీళ్లు పోస్తే చాలాసేపు పైనే నిలిచేవి, తర్వాత కుండీ అంచు వెంట జారి పళ్లెంలోకి వచ్చేవి. లోపల వేరు దగ్గర మాత్రం పొడిపొడిగా ఉండేది. ఎరువు చాలలేదేమో అన్నారు నర్సరీలో. వేశాను. ఎరువు కూడా ఉప్పే కదా, ఆకులు ఇంకా మాడాయి. రెండు డ్రసీనాలు చనిపోయాయి.

ఆ వేసవిలో బాపట్ల దగ్గరి మా ఊరి నుంచి నాన్న వచ్చారు. సెల్లార్‌లో వాచ్‌మన్ సాఫ్ట్‌నర్ తొట్టిలో ఉప్పు బస్తా కుమ్మరించడం చూశారు. పైకి వచ్చి కుండీలో వేలు గుచ్చితే దిగలేదు.

"చౌడు పట్టిందమ్మా. పైన తెల్లగా కనిపించేది పాల చౌడు. లోపల బిగిసింది కారు చౌడు" అన్నారు.

పొలాల గురించి చిన్నప్పటి నుంచి వింటున్న మాట అది. పది అంగుళాల కుండీకి కూడా వర్తిస్తుందని అప్పుడే తెలిసింది. సాఫ్ట్‌నర్ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం తీసుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. ఆ బస్తాల ఉప్పు అందుకే. సోడియం ఎక్కువైతే బంకమట్టి రేణువులు విడిపోయి, సందులు మూసుకుపోతాయి. ఇక నీరూ దిగదు, గాలీ ఆడదు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతున్నాయో కొలిచే టీడీఎస్ మీటర్ కొని చూశాను. సాఫ్ట్‌నర్‌కు ముందు 1,080, తర్వాత 1,100. మీటర్ ఉప్పు ఎంత ఉందో చెబుతుంది, ఏ ఉప్పు ఉందో చెప్పదు.

పొలంలో చేసేదే కుండీలో చేశాం. పాల చౌడుకు మంచి నీళ్లతో కడగడమే మందు. పై పొర గీకి పారేసి, కుండీ పరిమాణానికి రెండింతల నీళ్లు కొద్దికొద్దిగా పోసి, పళ్లెంలోకి దిగినవి ప్రతిసారీ పారబోశాను. పళ్లెంలో వదిలేస్తే మట్టి మళ్లీ ఆ ఉప్పును పీల్చుకుంటుంది. కారు చౌడుకు ముందు జిప్సం కావాలి. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను తోసేస్తుంది, తర్వాత పోసే నీళ్లు దాన్ని బయటికి తీసుకుపోతాయి. ఎరువుల దుకాణంలో కిలో తెచ్చి, పుల్లతో మట్టిలో రంధ్రాలు చేసి, కుండీకి ఒక చెంచా చొప్పున కలిపాను. పన్నెండు కుండీలు తేరుకున్నాయి. మూడింటి మట్టి మరీ ఇటుకలా తయారైంది కాబట్టి మొత్తం మార్చాను. కొత్త మిశ్రమంలోకి తెచ్చిన కొబ్బరిపొట్టునూ ఊరికే నమ్మలేదు. నానబెట్టి పిండిన మొదటి నీళ్లలో మీటర్ 900 దాటింది. మూడోసారి కడిగాకే వాడాను.

మంచి నీళ్ల కోసం పడిన పాట్లు వేరు. ఆర్‌ఓ యంత్రం బయటికి వదిలే నీళ్లు వృథా కాకూడదని కొన్నాళ్లు మొక్కలకు పోశాను. ఉప్పంతా అందులోనే మిగులుతుంది కాబట్టి అది తప్పు. ఇప్పుడు వాటితో నేల తుడుస్తున్నాం. ఏసీ నుంచి కారే నీళ్లలో మీటర్ 20 చూపించింది. వేసవంతా అవే పట్టాను. వానాకాలంలో బాల్కనీలో బకెట్లు పెట్టాను. అవి చాలని రోజున సాఫ్ట్‌నర్‌కు ముందున్న తోట కుళాయి నీళ్లు సగం కలుపుతాను. అందులో ఉప్పు ఉన్నా కాల్షియం కూడా ఉంది, మట్టిని బిగించదు.

మాడిన కొసలు తిరిగి పచ్చబడవు, కత్తిరించేశాను. పీస్ లిలీకి సెప్టెంబరులో వచ్చిన కొత్త ఆకు కొస దాకా పచ్చగానే విచ్చుకుంది. కొత్తగా తెచ్చిన డ్రసీనా కొసలు మాత్రం ఇంకా కొద్దిగా మాడుతున్నాయి. దానికి ఫ్లోరైడ్ పడదు, మన గ్రానైట్ నేలల బోరు నీళ్లలో అది ఉండే అవకాశం ఎక్కువ. అందుకని దానికి వాన నీళ్లు విడిగా డబ్బాల్లో దాచాను. సంక్రాంతి దాకా సరిపోతాయి.