కాళ్లకి బురద అంటితే పిట్ట పేరు మారిపోతుంది

చలికాలానికి వలసొచ్చే కాటుకపిట్ట వచ్చేసిందండీ. సెప్టెంబర్ 27, పొద్దున్న ఆరూ నలభై, చెరువు గట్టు మీద, ఒక్కటే. నడిచేవాళ్ల కాళ్లకి రెండడుగుల దూరంలో తోక కిందకీ పైకీ కొట్టుకుంటూ టకటకా పరిగెడుతోంది, ఎవరికీ పట్టలేదు. నేను మాత్రం ఉన్నచోటే ఆగిపోయి ఫోన్ తీసి టైమ్ నోట్ చేసుకుంటుంటే వెనకాల వస్తున్న పెద్దాయన నాకేదో అయిందనుకుని "ఏం బాబూ, కళ్లు తిరుగుతున్నాయా" అని అడిగారు. లేదండీ, పిట్ట వచ్చింది అన్నా. ఆయన పిట్టనోసారి, నన్నోసారి చూసి ఏమీ అనకుండా వెళ్లిపోయారు.

ఇక్కడో మెలిక ఉంది. ఏడాది పొడుగునా ఇక్కడే ఉండే కాటుకపిట్ట వేరే ఉంది, అది కాస్త పెద్దది, తలంతా నలుపు, కంటిపైన కనుబొమ్మ గీసినట్టు తెల్లటి గీత. చలికాలానికి వచ్చేదానికి నుదురూ ముఖమూ తెల్లగా ఉంటాయి, వీపు బూడిద రంగు. మొదటి ఏడాది నాకీ తేడా తెలీక ఆగస్టులోనే "వలస పక్షులు వచ్చేశాయోచ్" అని పిట్టలు చూసేవాళ్ల గ్రూపులో పెట్టేశా. పాపం ఎవరూ ఏమీ అనలేదు, ఒక అన్న మాత్రం పక్కన మెసేజ్ పెట్టి "కనుబొమ్మ చూడు తమ్ముడూ" అన్నాడు. అప్పట్నుంచీ కనుబొమ్మ చూడకుండా కాటుకపిట్ట అని రాయట్లేదు.

నా నోట్‌బుక్‌లో ఈ పిట్ట మొదటిసారి కనిపించిన తేదీలు వరసగా ఇవి, అక్టోబర్ 11, అక్టోబర్ 4, అక్టోబర్ 2, ఇప్పుడు సెప్టెంబర్ 27. ఇది చూసి ఏటేటా పిట్టలు ముందుకొచ్చేస్తున్నాయి, వాతావరణం మారిపోతోంది అని ఎవరైనా తేల్చేస్తే నమ్మకండి. పిట్ట ముందుకొచ్చిందో లేదో నాకు తెలీదు గానీ నేను మాత్రం ఏటేటా కాస్త ముందు నిద్రలేస్తున్నా, వారానికోసారి వెళ్లేవాణ్ణి కాస్తా రోజూ వెళ్తున్నా, మరి తేదీ ముందుకి జరక్క ఏం చేస్తుంది. అందుకే ఇప్పుడు తేదీ పక్కనే ఆ వారంలో ఎన్ని రోజులు వెళ్లానో కూడా రాసుకుంటున్నా.

వలస పిట్టలు చలికి తట్టుకోలేక వస్తాయి అంటారు అందరూ, నేనూ అలాగే చెప్పేవాణ్ణి. చలికంటే అసలు బాధ తిండి. ఉత్తరాన నీళ్లు గడ్డకట్టి బురద రాయిలా అయిపోతే, ముక్కు గుచ్చి పురుగు లాక్కుని బతికే పిట్టకి అక్కడ పనేముంటుంది. అయితే బురదలో తిరిగే ఉల్లంకి జాతి పిట్టలు చాలావరకు గడ్డకట్టేదాకా ఆగవు, ఆర్కిటిక్‌లో పిల్లలు కాస్త తేరుకోగానే పెద్దవి జులైలోనే బయల్దేరిపోతాయి, పిల్లలు తర్వాత వాటంతటవే వస్తాయి, దారి చూపించేవాళ్లు లేకుండా. 2022లో బార్ టెయిల్డ్ గాడ్‌విట్ అనే ఉల్లంకి జాతి పిట్ట పిల్ల ఒకటి, ఐదు నెలల వయసుది, ఒంటిమీద చిన్న ట్రాన్స్‌మిటర్‌తో అలాస్కాలో లేచి 11 రోజుల తర్వాత టాస్మానియాలో దిగింది, మధ్యలో ఎక్కడా ఆగకుండా 13,560 కిలోమీటర్లు. కిందంతా పసిఫిక్ సముద్రం, బాతులాగా నీళ్ల మీద వాలి సేదతీరే పిట్ట కాదది. ఇది చదివిన రోజు బస్సులో నలభై నిమిషాలు నిలబడాల్సొచ్చిందని విసుక్కోడం మానేశా, రెండ్రోజులపాటు.

ఇప్పుడంటే ట్రాన్స్‌మిటర్లున్నాయి. అరిస్టాటిల్ అంతటివాడు చలికాలంలో రెడ్‌స్టార్ట్ పిట్టలు రాబిన్‌లుగా మారిపోతాయని రాసిపెట్టాడు, ఎందుకంటే ఆయన ఉన్నచోట ఒకటి మాయమయ్యే రోజులకి రెండోది కనిపించేది. నవ్వుకుంటాం గానీ ఆయన చూసింది కరెక్టే, కలిపిన లెక్కే తప్పు. 1822లో జర్మనీలో క్లూట్జ్ అనే చోట ఒక తెల్ల స్టార్క్ కొంగని కొట్టి చూస్తే దాని మెడలోంచి పొడుగాటి ఈటె ఒకటి అడ్డంగా దిగి ఉంది, అది ఆఫ్రికా ఈటె. అక్కడెవరో విసిరితే గుచ్చుకుని, అలాగే అంత దూరం ఎగిరొచ్చింది పిచ్చి ముండ. ఇవి చలికాలం ఎక్కడికి పోతున్నాయిరా అని శతాబ్దాలుగా కొట్టుకుంటుంటే జవాబు మెడలో పెట్టుకుని వచ్చిందన్నమాట. ఆ కొంగని స్టఫ్ చేసి రోస్టాక్ యూనివర్సిటీలో ఇప్పటికీ ఉంచారు. తర్వాత 1899లో డెన్మార్క్‌లో మోర్టెన్సెన్ అనే టీచర్ గోరింకల జాతి స్టార్లింగ్‌ల కాళ్లకి అల్యూమినియం రింగులేసి అడ్రస్ చెక్కి వదిలాడు. ఎక్కడో ఎవరో ఆ పిట్టని చూసి, రింగు చదివి, చెప్తేనే ఆ పని పూర్తయ్యేది.

ఆ చెప్పడం దగ్గరే నా కథ ఉంది. రెండేళ్ల క్రితం డిసెంబర్‌లో నీళ్లు తగ్గి బురద తేలిన మూల దగ్గర పిచ్చుకంత పిట్టలు ఏడెనిమిది తిరుగుతున్నాయి. స్టింట్‌లు, ఒక్కోటి ఇరవై ముప్ఫై గ్రాములుంటాయేమో. ఇందులో లిటిల్ స్టింట్‌కి నల్ల కాళ్లు, టెమింక్స్ స్టింట్‌కి పసుపు కాళ్లు, పుస్తకంలో ఇంత సుఖంగా ఉంటుంది. నేను బైనాక్యులర్‌లోంచి చూస్తే ఒకదానికి పసుపు కాళ్లు స్పష్టంగా కనిపించాయి, నా జీవితంలో మొదటి టెమింక్స్, చేతులు వణికాయి, ఫోటో కూడా సరిగ్గా చూడకుండా అక్కడే నిలబడి ఈబర్డ్‌లో, అంటే చూసిన పిట్టలు నమోదు చేసే చోట, ఎక్కించేసి గ్రూపులో కూడా పెట్టేసి ఇంటికొచ్చి కాలర్ ఎగరేసుకుని కూర్చున్నా.

మూడ్రోజులకి మెయిల్ వచ్చింది. ఈబర్డ్‌లో మనం రాసేవాటిని చూసే రివ్యూయర్లుంటారు, జీతం లేని పని, పిట్టలంటే పిచ్చి ఉన్నవాళ్లే చేస్తారు. చాలా మర్యాదగా "ఫోటో మరోసారి చూస్తారా, వీపు మీద తెల్లటి వి ఆకారం కనిపిస్తోంది, రొమ్ము తెల్లగా ఉంది" అని రాశారు. నాకు ముందు మండింది, పసుపు కాళ్లు కళ్లారా చూశానుగా అని. జూమ్ చేశా. కాలు కింద సగం పసుపు, పైన సగం నలుపు. ఎండిన బురద అండీ. ఆ మూల బురద పసుపుపచ్చగా ఉంటుంది, అది మోకాళ్లదాకా దిగి తిరిగి పైకొచ్చి ఎండలో నిలబడింది, బురద మేజోళ్లు తొడుక్కున్న లిటిల్ స్టింట్ అది. ఆ ఫోటో ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది, ఎప్పుడైనా మరీ తెలిసినట్టు మాట్లాడుతున్నా అనిపిస్తే తీసి చూసుకుంటా.

ఇప్పుడు నేను కాళ్లు చివర్లో చూస్తా. ముందు నడక, లిటిల్ స్టింట్ కుట్టుమిషన్ సూదిలాగా టకటకటకా పొడుస్తూ అటూ ఇటూ పరిగెడుతుంది, టెమింక్స్ మాత్రం నక్కినట్టు నెమ్మదిగా అంచుల్లో గడ్డి పక్కన తిరుగుతుంది. వీపు మట్టి రంగులో సాదాగా, రొమ్ము మీద కూడా అదే రంగు కప్పినట్టుంటే టెమింక్స్. ఎగిరినప్పుడు తోక పక్క ఈకలు తెల్లగా మెరిస్తే ఇంక అనుమానం లేదు. అవేవీ కనపడకపోతే "స్టింట్, ఏదో తెలీదు" అని రాయడానికి కూడా ఆప్షన్ ఉంది, దాన్ని ఎవరూ వాడరెందుకో, తెలీదు అని రాస్తే పరువు పోతుందనుకుంటారేమో.

ఈబర్డ్ అంటే తెలీనివాళ్లకి, 2002లో కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ, ఆడుబాన్ సొసైటీ కలిసి మొదలుపెట్టింది, ఎక్కడైనా ఎవరైనా చూసిన పిట్టల లిస్ట్ ఎక్కించొచ్చు. లిస్ట్ పంపేముందు ఒక ప్రశ్న అడుగుతుంది, గుర్తుపట్టగలిగినవన్నీ రాశారా అని. చాలామంది ఇది పట్టించుకోరు గానీ నా దృష్టిలో మొత్తం విషయం ఇందులోనే ఉంది. అవును అని కొడితే, ఆ లిస్ట్‌లో కాటుకపిట్ట లేదంటే ఆ రోజు అక్కడ అది మీకు దొరకలేదని అర్థం. కాదు అని కొడితే, లేదో, మీకు రాయబుద్ధి కాలేదో ఎవరికీ తెలీదు. అరుదైన పిట్ట ఒక్కటే రాసి కాకినీ మైనానీ వదిలేసే అన్నలు మా గ్రూపులో ఉన్నారు, ఫోటోలు మాత్రం అదిరిపోతాయి, ఇరవై కాకులు అని రాయడానికి వాళ్లకేంటో చేతులు రావు.

లెక్క ఇంకో తలనొప్పి. నవంబర్‌లో షవలర్ బాతులు దిగినప్పుడు చూడాలి, ఆ గరిటెలాంటి ముక్కు నీళ్లమీద ఆనించి ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా తిరుగుతుంటాయి, ముందున్నది కలిపిన నీళ్లలోంచి వెనకది తిండి వడకట్టుకుంటుంది, ముక్కు అంచుల్లో దువ్వెన పళ్లలాంటివి ఉంటాయి దానికోసమే. చూడ్డానికి బ్రహ్మాండం, లెక్కపెట్టడానికి నరకం, ఎక్కడ మొదలెట్టానో ఆ బాతు అప్పటికే అటు తిరిగేసి ఉంటుంది. ముందు పదింటిని లెక్కపెట్టి అవి ఎంత మేర ఉన్నాయో కంటికి పట్టించుకుని, ఆ మేర గుంపులో ఎన్నిసార్లు పడుతుందో చూస్తా, రెండుసార్లు చేసి తేడా ఎక్కువొస్తే మూడోసారి. పైగా సీజన్ మొదట్లో వచ్చే మగ బాతులు ఇంకా పాత ఈకలు మార్చుకునే దశలో ఉంటాయి, ఆడవాటిలాగే గోధుమరంగులో. "ఈసారి అన్నీ ఆడవే వచ్చాయి" అని నవంబర్‌లో పెట్టేవాళ్లు డిసెంబర్ దాకా ఆగితే మంచిది. ఇక నుదుట తెల్ల మచ్చ ఉండే బొల్లికోళ్లు మునిగి తేలుతుంటాయి, వాటి లెక్క నేను దేవుడికే వదిలేస్తా.

ఒక్కటి మాత్రం నేను చేయకుండా ఉండాల్సింది, చేశా. పోయిన జనవరిలో చెరువు వెనక గడ్డిలో షార్ట్ ఈర్డ్ గుడ్లగూబ, పగలు ఎక్కువగా నేలమీదే గడ్డి చాటున కూర్చునే రకం, నేను దాదాపు తొక్కబోయేంత దగ్గరికెళ్తే లేచింది, పసుపు కళ్లతో నావైపోసారి తిరిగి చూసి యాభై గజాల అవతల దిగింది. ఆనందం ఆపుకోలేక గ్రూపులో మ్యాప్ పిన్ పెట్టేశా. మర్నాడు పొద్దున్నే వెళ్తే ఆరుగురు కెమెరాలతో గడ్డిలో వరసగా నడుస్తున్నారు, అది లేస్తే క్లిక్‌లు, దిగితే మళ్లీ అటు నడక. కాకులు వెంటపడ్డాయి. పగలు పడుకుని సాయంత్రం వేటాడుకోవాల్సిన పిట్టని ఆరేడుసార్లు లేపారు నేను చూస్తుండగానే, నేను వద్దన్నా, "మీరే కదండీ లొకేషన్ పెట్టారు" అన్నారొకరు. నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు. మూడో రోజు అది లేదు. ఇప్పుడు గుడ్లగూబ అయితే సీజన్ అయిపోయాకే లిస్ట్ ఎక్కిస్తున్నా, లెక్కకి ఏప్రిల్‌లో ఎక్కించినా జనవరి తేదీనే పడుతుంది, నష్టం లేదు. కాటుకపిట్టకి ఈ బెంగ లేదు, దాన్ని చూడ్డానికి ఎవరూ రారు.

ఇంకోటి, రావడం అందరం రాస్తాం, పోవడం ఎవరూ రాయరు. మొదటి పిట్ట కనిపించగానే ఇదే మొదటిది అని తెలుస్తుంది, చివరిది కనిపించినప్పుడు ఇదే చివరిదని తెలీదు కదా. పోయిన సీజన్ నోట్‌బుక్‌లో కాటుకపిట్ట గురించి ఇలా ఉంది: మార్చి 30, మూడు. ఏప్రిల్ 2, రెండు, ఒకదానికి గొంతు కింద నలుపు బాగా పెరిగింది. ఏప్రిల్ 4, ఒకటి, గట్టు మెట్ల దగ్గర. తర్వాత నాలుగు రోజులు జ్వరం, వెళ్లలేదు. ఏప్రిల్ 9, లేదు. ఏప్రిల్ 10, లేదు. లిస్ట్‌లో చివరి తేదీ నాలుగు అని ఉంటుంది గానీ ఆ పిట్ట ఎనిమిదో తారీఖు పొద్దున్న కూడా ఆ మెట్ల దగ్గరే పరిగెట్టి ఉండొచ్చు.

ఈసారి మార్చి ఆఖరు నుంచి రోజుకొకరం వంతులేసుకుని చూద్దామనుకుంటున్నా, ఇప్పటికి ముగ్గురం అయ్యాం, ఇంకో నలుగురు కావాలి. బైనాక్యులర్ అక్కర్లేదు, కనుబొమ్మ చూడ్డం వస్తే చాలు.