పలమనేరు బట్టీలో 864 కప్పులు

తిరుపతిలో బెంగుళూరు బస్సు ఎక్కితే పలమనేరులో నేరుగా దిగవచ్చునన్నది ఈ దారిన తిరిగేవారందరికీ తెలిసిన సంగతే. అయినా ఆ గురువారం ఉదయం కండక్టరు నా చేతిలోని అట్టపెట్టెను ఎగాదిగా చూసి, బెంగుళూరు వెళ్ళేవారికే సీట్లు చాలడం లేదని, పలమనేరు వరకైతే వేరే బస్సు చూసుకోమని చెప్పి తలుపు వేసేశాడు. దగ్గరి ఊరికి వెళ్ళేవారిని మధ్యలో దిగిపోతారన్న ఒక్క కారణంతో తోసివేయడం నాకు చాలా బాధ కలిగించింది. చిత్తూరు బస్సు పట్టుకొని, పూతలపట్టు మీదుగా వెళ్ళి, చిత్తూరులో మరో బస్సు కోసం నలభై నిమిషాలు ఎండలో నిలబడ్డాను.

పెట్టెలో ఉన్నవి ఇరవై రెండు కప్పులు, అన్నీ చెడిపోయినవే. నేను ఇంటి వెనుక రేకుల గదిలో ఒక చిన్న కరెంటు బట్టీ పెట్టుకొని మట్టి కప్పులు, గిన్నెలు చేస్తాను. ఈమధ్య మూడు వందల కప్పులకు ఆర్డరు ఒప్పుకొన్నాను. నా బట్టీలో విడతకు ముప్పై రెండే పడతాయి కాబట్టి పది విడతలు కాల్చాలి. ఆ భయంతో ఒకసారి సందు లేకుండా ఇరికించి కాల్చాను. మెరుపు కోసం పూసే గ్లేజు కరిగి కప్పులు కొన్ని ఒకదానికొకటి, కొన్ని అవి పేర్చే పలకకు అతుక్కుపోయాయి. పెద్ద బట్టీ కొనడానికి అప్పు కోసం తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో, నాకు మట్టి అమ్మే ఆయన, పలమనేరు దగ్గర పల్లెలో ఒక అక్క ఉందని, ఒకేసారి ఎనిమిది వందలు కాలుస్తుందని, ముందు అది చూసి రమ్మని చెప్పాడు.

బంగారుపాళెం దాటిన తరువాత మొగిలి ఘాట్ మలుపుల్లో పెట్టె ఒళ్ళో అటూ ఇటూ జరుగుతుంటే, పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక చేత్తో దానిని పట్టుకొని, “ఏముండాయి పాపా ఇందులో?” అని అడిగింది. మూత తీసి చూపించాను. పలక ముక్కతో సహా ఊడివచ్చిన ఒక కప్పును ఆమె తిప్పి తిప్పి చూసి, “ఇడ్లీ పళ్ళేనికి నూనె రాయకుండా పిండి పోస్తే ఇట్లే కదా అంటుకుంటాది, దీనికేమీ రాయలేదా?” అన్నది. పలకకు పూత రాయాలని నాకు తెలుసు. రెండు విడతల కిందట రాసిన పూత సరిపోతుందిలే అని ఊరుకున్నాను. మట్టి పని ఎప్పుడూ చేయని మనిషి వంటింటి లెక్కతో నా తప్పును మొగిలి కొండ ఎక్కేలోపల పట్టుకొన్నది. ఆమె పేరైనా అడగకుండానే పలమనేరు వచ్చేసింది.

చిత్తూరులో కాల్చిన ఎండ పలమనేరులో చల్లబడింది. ఆ చల్లదనాన్ని ఆటో అతను ఐదు కిలోమీటర్లకు రెండు వందలు అడిగి చెడగొట్టాడు. తిరుపతిలో యాత్రికుల దగ్గర ఇలా అడుగుతారని విన్నాను గాని, మన ప్రాంతంలో మన మాట మాట్లాడేవారి దగ్గర కూడా ఇంత అడగడం అన్యాయమే.

పలమనేరు మట్టి బొమ్మలకు, కుండలకు పేరున్న ప్రాంతం. దారి పొడవునా గుర్రాలు, పూలకుండీలు ఎర్రగా ఆరబెట్టి ఉన్నాయి. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఊరిలో కుమ్మరి ఆవం పేర్చడం గంటల తరబడి చూసేదాన్ని. పచ్చికుండలను దొంతరలుగా, పెద్దదానిలో చిన్నది పెట్టి, సందుల్లో కట్టెలు దూర్చి, పైన పెంకులు, గడ్డి కప్పి బురద మెత్తేవారు. అందులో కుండకు కుండ తగిలినా దోషం లేదు. గ్లేజు వేసిన పాత్రకు ఆ స్వేచ్ఛ లేదు. గ్లేజు అంటే పాత్ర మీద కరిగే గాజు పొరే కాబట్టి, వేడిలో ఏది తగిలితే దానిని పట్టుకొంటుంది. ఈ ఒక్క తేడా వల్లనే గ్లేజు వేయకముందు తొలి కాల్పులో గుట్టగా పట్టిన సరుకు, గ్లేజు వేశాక మలి కాల్పుకు వచ్చేసరికి రెండు మూడు విడతలు అవుతుంది.

అక్కకు యాభై ఏళ్ళుంటాయి. నా పెట్టె చూసి ఒక్క మాటా అనలేదు, పని చూపించింది. వాళ్ళు కప్పులకు కుంచెతో పూత వేయరు. పెద్ద డ్రమ్ములో గ్లేజు కలిపి, 80 మెష్ సన్న జల్లెడలో వడగట్టి, ముంచి తీస్తారు. ముంచేముందు ఒక అమ్మాయి వంద మిల్లీలీటర్ల గ్లేజును వంటింటి త్రాసు మీద తూచింది. 145 గ్రాములు వచ్చింది. ఎక్కువుంటే చెంచాడు నీళ్ళు పోస్తారు, తక్కువుంటే తేరనిచ్చి పై నీరు తీస్తారు. మూడు లెక్కపెట్టేంతసేపు ముంచడం, తీసి ఒక్కసారి విదిలించడం, అంతే. తొలి కాల్పులో కాలిన మట్టి నీటిని పీల్చుకొంటుంది గనుక పొర చూస్తుండగానే ఆరిపోతుంది. చిక్కదనం, ముంచే సమయం మారకపోతే మొదటి కప్పుకూ ఎనిమిది వందలవ కప్పుకూ పొరలో తేడా రాదు. నేనైతే ప్రతి విడతకూ కంటి అంచనాతో నీళ్ళు పోసేదాన్ని. అడుగులకు ముందే కరిగిన మైనం అద్ది ఉంచారు, అక్కడ గ్లేజు నిలవదు. అయినా అక్క ప్రతి కప్పునూ తడిసిన స్పాంజి మీద ఒకసారి తిప్పి గాని పక్కన పెట్టలేదు.

మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా పేర్పు సాగింది. బట్టీ లోపలి ఎత్తు 120 సెంటీమీటర్లు, వరుసకు నాలుగు పలకలు. పలకల మీద వేడికి కరగని అల్యూమినా, చైనా క్లే పొడులు సమంగా కలిపిన తెల్లని పూత కొత్తగా వేసి ఉంది. బస్సులోని పెద్దావిడ గుర్తుకు వచ్చింది. ఒక్కొక్క పలకకు నాలుగు కాదు, మూడు కాళ్ళే పెట్టారు. మూడు కాళ్ళ మీద పలక ఊగదు, పైగా ఒక కప్పుకు చోటు మిగులుతుంది. కాళ్ళు పై వరుసకూ కింది వరుసకూ ఒకే నిలువులో ఉండాలి, లేకపోతే బరువుకు పలక విరుగుతుంది. కప్పుకూ కప్పుకూ నడుమ చిటికెన వేలి సగం మందం సందు విడిచారు.

నేను అక్కడికి వెళ్ళిన ఫలమంతా ఆ తరువాత అక్క చేసిన లెక్కలో ఉంది. పది సెంటీమీటర్ల కప్పుకు ఒక సెంటీమీటరు ఖాళీ, పలక మందం రెండు, కలిపి పదమూడు. 120లో అటువంటి వరుసలు తొమ్మిది పడతాయి. పలకకు ఇరవై నాలుగు చొప్పున 864 కప్పులు. అదే ప్రతి వరుసలోనూ కప్పుల నడుమ పదిహేను సెంటీమీటర్ల జాడీ ఒక్కటి పెడితే వరుస పద్దెనిమిది అవుతుంది, ఆరు వరుసలకు మించి పట్టవు, 576 దగ్గర ఆగిపోతాము. వరుసకొక్క పొడవాటి జాడీ కోసం 288 కప్పులు బయట ఉండిపోతాయి. గ్యాసు మాత్రం ఇంచుమించు అంతే ఖర్చవుతుంది, ఎందుకంటే వేడిలో ఎక్కువ భాగం బట్టీ గోడలకూ పలకలకూ గాలికీ పోయేదే. “ఎత్తులు కలిపితే గ్యాసు పొగగొట్టంలో పోతాది పాపా,” అన్నది అక్క. జాడీలన్నీ కూడేదాకా వాళ్ళు జాడీలు కాల్చరు.

శుక్రవారం తెల్లవారుజామున బర్నర్లు వెలిగించారు. గ్లేజులోని తడి పోవడానికి మొదటి రెండు గంటలు తలుపు కాస్త తెరిచి ఉంచారు. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది గనుక అక్కడ నిదానించారు. దిగేటప్పుడు అదే చోట కుంచించుకుపోతుంది, తొందరపడితే పాత్ర నెర్రె ఇస్తుంది. ఇనుము ఎక్కువున్న ఈ ఎర్రమట్టికి 1,050 డిగ్రీల దగ్గర ఆపారు. తెల్లమట్టిలా 1,200 దాటిస్తే ఇది మెత్తబడి వంగిపోతుంది. వేడి చూపే మీటరు ఉన్నా అక్క నమ్మింది లోపల నిలబెట్టిన కోను అనే మొనదేలిన చిన్న ముక్కనే. అది వేడినీ, ఆ వేడిలో గడిచిన సమయాన్నీ కలిపి లెక్కగట్టి వంగుతుంది. చూపు రంధ్రంలోంచి దాని ముక్కు పలకకు తాకడం సాయంత్రం నాకూ చూపించింది.

శనివారం చేయడానికి పనేమీ లేదు, బట్టీ చల్లారాలి. ఆ రోజంతా నాకు మా ఇంటి ఊరగాయ జాడీ మీదికే మనసు పోయింది. మా అమ్మమ్మ ఒక ఏడాది జాడీ పగిలితే మామిడికాయ ఊరగాయను కొత్త మట్టికుండలో పెట్టింది. నెల తిరక్కుండా కుండ పైన తెల్లగా ఉప్పు పూసి పెచ్చులుగా రాలింది, నూనె కుండ తాగేసింది. తిరుమలలో స్వామికి పెరుగన్నం రోజూ కొత్త కుండలోనే నైవేద్యం పెడతారన్నది తలచుకొంటే, గ్లేజు లేని మట్టి ఎంత పీల్చుకొంటుందో మనవారికి ఎప్పుడో తెలుసుననిపిస్తుంది. అక్క గ్లేజులో సీసం వేయదు. సీసపు గ్లేజు తక్కువ వేడికే కరిగి అద్దంలా మెరుస్తుంది, కాని చింతపండు పులుపుకు సీసం ఊరి తిండిలో కలుస్తుంది. చవకగా మెరుపు వస్తుందని దానిని ఊరగాయ పాత్రలకు పూసేవారి మీద నాకు కోపం ఆగదు.

ఆదివారం ఉదయం మీటరు వందకు దిగిన తరువాతే తలుపు తీశారు. పై వరుసలో తేనెరంగు కప్పులు ఇంకా చేతికి వెచ్చగా ఉన్నాయి. అక్క ఒక్కొక్క దానినీ గోటితో మీటి విన్నది, ఖంగుమన్నవి ఒక బుట్టలోకి, మందంగా పలికినవి వేరే బుట్టలోకి. పలకకు అతుక్కున్నవి రెండు, సూది బెజ్జాలు పడినవి తొమ్మిది. మిగిలినవన్నీ నిలిచాయి.

రాత్రి ఇల్లు చేరగానే టేపు తీసుకొని నా బట్టీ కొలిచాను. లోపలి ఎత్తు నలభై ఐదు సెంటీమీటర్లు. నా పలకల కాళ్ళన్నీ పదిహేనువి కాబట్టి పలకతో కలిపి వరుస పదిహేడై, రెండు వరుసలకే నిండిపోయేది. కాళ్ళను పదకొండుకు కోయిస్తే మూడు వరుసలు, నలభై ఎనిమిది కప్పులు. పది విడతలు ఏడవుతాయి. సోమవారం కాళ్ళు కోతకు ఇచ్చి, అప్పు కోసం పెట్టుకొన్న కాగితాలు బీరువాలో పెట్టేశాను.