నల్లా మీటరుకి తెలియని లీకులు

ఇంట్లో నీళ్ళు ఎక్కడో లీకవుతున్నాయని అనుమానం వచ్చి నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే సలహా. రాత్రి కుళాయిలన్నీ కట్టేసి మీటరు రీడింగు రాసుకోండి, పొద్దున్నే చూడండి, అంకె మారితే లీకు ఉన్నట్టే. సలహా తప్పేం కాదు. కాకపోతే అది ఇరవై నాలుగు గంటలూ పైపులో నీళ్ళుండే ఊళ్ళకి పనికొస్తుంది. మా హైదరాబాద్‌లో, అందులోనూ మా కాలనీలో, నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. వచ్చిన నీళ్ళన్నీ నేరుగా సంపులోకి, అంటే నేలలో కట్టిన తొట్టిలోకి పోతాయి, అక్కడితో మీటరు పని అయిపోతుంది. సంపు నుంచి మోటారు, మోటారు నుంచి మిద్దె మీది ట్యాంకు, అక్కడి నుంచి బాత్రూములు, వంటిల్లు, పైన అద్దెకుండేవాళ్ళ వాటా... కారేది చాలావరకు ఈ దారిలోనే, ఇందులో ఏదీ మీటరుకి తెలియదు.

అందుకని మా ఇంట్లో అసలు మీటరు ఒక వెదురుకర్ర. నల్లా రాని రోజు రాత్రి ట్యాంకు నింపేసి, మోటారు ఆపేసి, కర్రని సంపు అడుగుదాకా దించి తడి ఎంతవరకు ఉందో సుద్దతో గీత పెడతాను. పొద్దున మోటారు వేయకముందే మళ్ళీ దించి చూస్తాను. ఆరడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉన్న సంపులో ఒక్క అంగుళం తగ్గిందంటే 113 లీటర్లు పోయినట్టు లెక్క. అంగుళమే కదా అనిపిస్తుంది గానీ అది ఒక మనిషికి దాదాపు రోజంతా సరిపడే నీళ్ళు.

ట్యాంకుకీ ఇదే పరీక్ష, కాస్త తేడాతో. ట్యాంకు కింద ఉండే గేట్ వాల్వు కట్టేస్తే మట్టం నిలబడి, తెరిచి ఉంచితే ఎవరూ వాడకపోయినా దిగుతోందంటే లీకు ట్యాంకులో లేదు, కింద ఏదో బాత్రూములో ఉంది. అప్పుడు ఒక్కో బాత్రూము వాల్వూ ఒక్కో రాత్రి కట్టి చూసుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. ప్లంబర్‌ని పిలిచి టైల్స్ పగలగొట్టించే ముందు ఈ పని చేసుకుంటే బోలెడు డబ్బు మిగులుతుంది, ఎందుకంటే ఎక్కడ పగలగొట్టాలో తెలియని ప్లంబర్ తనకి చెయ్యి తిరిగిన చోటే మొదలుపెడతాడు.

మా కాలనీలో ఈ లెక్కల మీద అందరికీ ఆసక్తి పుట్టింది జీరో బిల్లు వచ్చాకే. 2021 జనవరి నుంచి నగరంలో మీటరు ఉన్న ఇళ్ళకి నెలకి 20,000 లీటర్ల దాకా ఉచితం అన్నారు కదా. మనిషికి రోజుకి 135 లీటర్లు అని పట్టణాలకి ప్రభుత్వం వాళ్ళు వేసే లెక్క ప్రకారం చూస్తే నలుగురున్న ఇంటికి నెలకి 16,200 చాలు, ఇంకా మూడు వేల పైచిలుకు మిగలాలి. ఇంట్లో మనుషులు పెరగలేదు, చుట్టాలు రాలేదు, అయినా బిల్లులో వాడకం 20,000 లీటర్లు దాటిందంటే ఆ మిగులంతా ఎవరో తాగుతున్నారు. మీటరు లీకుని చూపించదు గానీ ఇలా నెల తర్వాత చాడీ మాత్రం చెబుతుంది.

అలా తాగేవాటిలో ఎక్కువసార్లు దొరికేది ఫ్లష్ ట్యాంకు. చప్పుడు ఉండదు, నేల తడవదు, అడుగునున్న రబ్బరు వాచరు అరిగి సన్నగా కమోడ్‌లోకి జారుతూనే ఉంటుంది. బట్టలకి పెట్టే నీలిమందు నాలుగు చుక్కలు ఫ్లష్ ట్యాంకులో వేసి అరగంట ఎవరినీ నొక్కవద్దని చెప్పండి. కమోడ్‌లో నీలం కనిపిస్తే వాచరు మార్చాల్సిందే. పైవాటాలో అద్దెకున్నవాళ్ళకి ఇది చెప్పడం కొంచెం ఇబ్బందే, "ఆంటీ, మా బాత్రూములో మీరేం చూస్తారు" అంటారు. నీలిమందు సీసా చేతికిచ్చి మీరే చూసి చెప్పండమ్మా అంటే సరిపోతుంది.

ఇంకొకటి అందరికీ తెలిసినా ఎవరూ లీకు కింద లెక్కపెట్టనిది, మోటారు వేసి మర్చిపోవడం. ఒక హెచ్‌పీ మోటారు పది నిమిషాల్లో మూడు వందల లీటర్లు సులువుగా ఎక్కిస్తుంది, ట్యాంకు నిండాక అదంతా వీధి పాలే. ఈ కృష్ణా నీళ్ళు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకి పైగా పైపుల్లో, మధ్యమధ్య ఎత్తులకి పంపు చేసుకుంటూ వస్తాయి. అంత కరెంటు పోసి తెచ్చిన నీళ్ళు మా మిద్దె మీది నుంచి పక్కింటివాళ్ళ కారు కడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. వాటర్ అలారం ఖరీదు ఒక ట్యాంకర్ ఖరీదు కంటే చాలా తక్కువ, దాని గోల భరించలేకపోతే మోటారుని దానంతటదే ఆపేసే ఆటోమేటిక్ పెట్టించుకోవచ్చు.

ఇప్పుడు కాలాల సంగతి. మన దగ్గర లీకులకి కూడా కార్తెలుంటాయని నా అభిప్రాయం, దానికి మంచి ఉదాహరణ సంపే. సంపు గోడకీ నేలకీ మధ్య అతుకులోనో, నల్లా పైపు గోడలోంచి లోపలికొచ్చే కన్నం చుట్టూనో సన్నటి పగులు ఉందనుకోండి. ఎండాకాలంలో చుట్టూ మట్టి ఎండిపోయి ఉంటుంది కాబట్టి నీళ్ళు ఆ పగుళ్ళోంచి బయటికి పోతాయి. ఆగస్టు వచ్చేసరికి నేల నానిపోతుంది, పక్కన డ్రైనేజీ నిండి ఉంటుంది, సంపులో మట్టం తక్కువగా ఉంటే అదే పగుళ్ళోంచి బయటి నీళ్ళు లోపలికి వస్తాయి. అంటే వేసవిలో కర్ర మీద గీత కిందికి దిగుతుంది, వానాకాలంలో నల్లా రాకుండానే పైకి లేస్తుంది. దిగితే డబ్బే పోతుంది, లేస్తే మాత్రం ఇంటిల్లిపాదికీ విరేచనాలు. వానాకాలంలో మట్టం తగ్గడం లేదని సంతోషపడేవాళ్ళని నేను చూశాను, వాళ్ళకి ఈ సంగతి చెప్పడం కొంచెం కష్టమే.

నల్లా పైపుదీ ఇదే కథ. రోజు విడిచి రోజు నీళ్ళిచ్చే పద్ధతిలో మధ్యరోజు పైపు ఖాళీగా ఉంటుంది, మ్యాన్‌హోల్ పక్కగా పోయే చోట కన్నం పడి ఉంటే బయటి మురుగు దాన్లోకి చేరుతుంది. నీళ్ళు వదలగానే ముందు వచ్చేది అదే. మొదటి రెండు బకెట్లు రంగు తేడాగానో, వాసనగానో ఉంటే వాటిని సంపులోకి పోనివ్వకండి, మొక్కలకి కూడా వద్దు, నేరుగా మోరీలోకే. ఆ పైపు వీధిలోది అయితే నగరానికి నీళ్ళిచ్చే జలమండలికి ఫోన్ చేసి చెప్పాలి, మన గేటు లోపలిది అయితే మన ఖర్చే. పాత ఇళ్ళలో ఇంకా జీఐ పైపులే, అంటే జింకు పూత వేసిన ఇనప పైపులే ఉన్నాయి, మట్టిలో తుప్పు పట్టి చిల్లులు పడతాయి, ఒక చోట అతికిస్తే రెండడుగుల అవతల ఇంకోటి. అతుకులు మానేసి గేటు నుంచి సంపుదాకా మొత్తం మార్పించుకోవడమే మేలు.

సంపు బాగు చేయించడానికి మంచి రోజులు మే నెలాఖరు, అంటే రోహిణి కార్తె. నీళ్ళు ఎలాగూ తక్కువే, చుట్టూ మట్టి పొడిగా ఉంటుంది, పగులు స్పష్టంగా కనిపిస్తుంది, వేసిన సిమెంటూ వాటర్‌ప్రూఫింగ్ మందూ మృగశిర వానలు పడేలోపు గట్టిపడతాయి. నిండా వాన పడుతున్నప్పుడు లోపలి నుంచి పూత వేయిస్తే వెనక నుంచి నీళ్ళు నెట్టి పొరలు పొరలుగా ఊడదీస్తాయి. ఒక్కమాట గట్టిగా చెప్పాలి. మూత తీయగానే ఎవరినీ లోపలికి దిగనివ్వకండి. మూసి ఉన్న సంపులో గాలి చెడిపోయి ఉంటుంది, ఊపిరాడక మనుషులు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉంటాం, కాపాడబోయి రెండోమనిషి కూడా పోతాడు. మూత తీసి గంటల తరబడి గాలి ఆడనివ్వాలి, మోటారుకి కరెంటు మెయిన్‌లోనే ఆపేయాలి, పైన ఒక మనిషి చూస్తూ ఉండాలి. అవసరం లేకుండా దిగనే దిగొద్దు.

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, మిద్దె మీద ప్లాస్టిక్ పైపులు పగలడంలో వింతేముంది. ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న పైపు సున్నం రంగుకి తిరిగి పెళుసుబారుతుంది, వేడికి సాగి రాత్రి ముడుచుకుని ఎల్బోల దగ్గర అతుకు వదిలేస్తుంది. అక్కడ కారిన నీళ్ళు మిద్దె మీదే ఆవిరైపోతాయి కాబట్టి మధ్యాహ్నం వెళ్తే ఏమీ కనిపించదు. సూర్యోదయానికి ముందు వెళ్ళి చూడండి, తడి మచ్చ చెబుతుంది. పైపుల మీద తెల్ల పెయింటు వేస్తే ఎండ దెబ్బ తగ్గుతుంది, దానికన్నా పాత గోనెపట్టా చుట్టి కట్టడం తేలిక. మే నెలలో బోరు మీద కూడా ఒక కన్నేయాలి. కుళాయిలో నీళ్ళు బుస్సు బుస్సుమని గాలితో కలిసి వస్తున్నాయంటే బోరులో నీళ్ళు మోటారు దాకా దిగిపోయినట్టు, ఇంకా నడిపిస్తే మోటారు కాలిపోతుంది. అదే సంపు మోటారు అయితే వేసిన ప్రతిసారీ నీళ్ళు పోసి ప్రైమింగ్ చేయాల్సి వస్తుంటే చాలాసార్లు పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వు పోయినట్టే.

వానలు మొదలయ్యాక పోగొట్టుకునే నీళ్ళ లెక్క ఎవరూ వేయరు. వంద చదరపు మీటర్ల మిద్దె మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే ఆ మిద్దె మీదే 80,000 లీటర్లు. అంతా పట్టలేం, ఆవిరయ్యేది, తొణికేది పోతుంది, అయినా సగం ఇంకుడు గుంతలోకి పోయినా ఫిబ్రవరిలో బోరు గుర్తుపెట్టుకుంటుంది. చాలా ఇళ్ళలో గుంత ఉంది గానీ పర్మిషన్ కోసం తవ్వించిందే, మళ్ళీ మూత తీసిన పాపాన పోలేదు. పై పొర ఇసుక ఒండ్రుతో గట్టిపడితే నీళ్ళు ఇంకవు, నిలబడి గోడవైపు పాకుతాయి. జూన్‌కి ముందు ఆ పై పొర తీసి కొత్త ఇసుక పోయించాలి. గుంత సంపుకి ఆనుకుని ఉంటే మాత్రం ఇందాక చెప్పిన పగులు కథే మళ్ళీ.

గోడలకి నెమ్ము కనిపించగానే ఆగస్టులోనే ప్లంబర్‌ని పిలవకండి, అప్పుడు అన్ని గోడలూ నెమ్మే. వాన నెమ్ము కార్తీక మాసం దాటేసరికి ఆరిపోవాలి. సంక్రాంతికి కూడా అదే చోట మచ్చ పచ్చిగా ఉంటే, తెల్లగా ఉప్పు పేరుకుంటుంటే, గోడ లోపల పైపో, పై బాత్రూము నేల మీది నీళ్ళు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ సందో అని అనుమానించాలి. ఆ బాత్రూముకి నీళ్ళు కట్టేసి, బకెట్‌తో తెచ్చుకున్న నీళ్ళు వాడుతున్నా మచ్చ ఆరిందా, పైపు. కుళాయి వాడకుండా నేల మీద మాత్రం నీళ్ళు పోస్తే మచ్చ పెరిగిందా, ట్రాప్. రెండింటి ఖర్చుకీ చాలా తేడా ఉంది.

చలికాలం మన దగ్గర లీకులకి సెలవులాంటిదే. గీజరు సేఫ్టీ వాల్వు నుంచి వేడెక్కేటప్పుడు నాలుగు చుక్కలు పడటం మామూలే, స్విచ్ ఆపినా ధారగా కారుతుంటే మార్పించాలి. వేడినీళ్ళు వచ్చేదాకా వదిలే చల్లనీళ్ళు బకెట్‌లో పట్టుకుంటే చాలు. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు, వాడి బాధ వేరు. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో గడ్డకట్టిన చలికి అక్కడ ఎన్నో ఇళ్ళలో పైపులు పగిలాయి. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి, పైపు ఏం చేస్తుంది పాపం. అప్పటి నుంచి చలి ఎక్కువున్న రాత్రుళ్ళు కుళాయి సన్నగా కారేలా వదిలేస్తాడు, అక్కడ అదే పద్ధతి. వీడియో కాల్‌లో ఆ చప్పుడు విని అమ్మ "కుళాయి కట్టెయ్యరా ముందు" అని అరిచింది. ఎంత చెప్పినా వినలేదు, నీళ్ళు వృథా చేయడానికి అమెరికా దాకా వెళ్ళాలా అని ఆవిడ బాధ. మొదట చెప్పిన మీటరు సలహా మాత్రం వాడికి అచ్చంగా సరిపోతుంది.

మనకి సంక్రాంతికి గడ్డకట్టడం భయం లేదు గానీ ఇల్లు తాళమేసి ఊరెళ్ళే భయం ఉంది. పాత ప్లాస్టిక్ కనెక్షన్ పైపు ఒకటి తెగినా ట్యాంకంతా ఇంట్లోకి దిగిపోతుంది. ఊరెళ్ళే ముందు గ్యాస్ కట్టినట్టే ట్యాంకు కింద మన వాటాకి వచ్చే గేట్ వాల్వు కట్టేయండి. ఏళ్ళ తరబడి తిప్పని వాల్వు బిగుసుకుపోయి ఉంటుంది, బలవంతంగా తిప్పితే పిడి చేతికొస్తుంది, అందుకని ప్రయాణం రోజు పొద్దున కాకుండా ఓ వారం ముందే తిప్పి చూడండి. సంపు నిండగానే నల్లాని ఆపేసే ఫ్లోట్ వాల్వు సరిగ్గా మూసుకుంటోందో లేదో చూడండి, లేకపోతే మీరు లేని నాలుగు రోజులూ నల్లా వచ్చినప్పుడల్లా సంపు పొంగి గేటు బయటికి పోతుంది. పైవాటావాళ్ళు ఊళ్ళోనే ఉంటే మీ వాల్వు ఏదో, వాళ్ళది ఏదో మిద్దె మీదికి తీసుకెళ్ళి చూపించి, గుర్తుకి మీదానికి ఎర్ర పెయింటు చుక్క పెట్టేసి వెళ్ళండి.