ఆగస్టు 16, రాత్రి

ఈ రోజు చెప్పుకోదగ్గ పనేదీ జరగలేదు. ఉతికిన బట్టలు మడతపెట్టుకుని, రావలసిన వర్షం కోసం కాసేపు కిటికీ దగ్గర నిలబడి, చీకటి పడ్డాక డైరీ తెరిచాను. తేదీ వేయగానే కలం ఆగిపోయింది. నేను ప్రాణంగా వినే ముగ్గురు గాయకులు ఇదే తేదీన కన్నుమూశారు: 1938లో రాబర్ట్ జాన్సన్, 1977లో ఎల్విస్ ప్రెస్లీ, 2018లో అరీథా ఫ్రాంక్లిన్.

మర్నాటి కచేరీ కోసం ఆ రాత్రే విమానమెక్కవలసిన ఎల్విస్ మెంఫిస్‌లోని తన ఇంట్లో, 42 ఏళ్లకే వెళ్లిపోయాడు. అదే మెంఫిస్‌లో పుట్టిన అరీథా, డెట్రాయిట్‌లో తండ్రి బోధించే చర్చిలో పాడుతూ పెరిగి, 76 ఏళ్ల వయసులో ఆ నగరంలోనే తుదిశ్వాస విడిచింది. వాళ్లిద్దరి కోసం లోకమంతా ఏడ్చింది.

జాన్సన్ సంగతి వేరు. మిసిసిపీ రాష్ట్రంలోని గ్రీన్‌వుడ్ దగ్గర 27 ఏళ్లకు చనిపోయిన ఆ బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల బాణీ) గాయకుడి మరణ పత్రంలో, కారణం రాయవలసిన చోట ‘వైద్యుడు లేడు’ అన్న అర్థం వచ్చే రెండు మాటలే ఉన్నాయి. సమాధి కచ్చితంగా ఎక్కడుందో తేలక మూడు చోట్ల రాళ్లు నిలబెట్టారు. ఆ ఏడాది డిసెంబరు 23న న్యూయార్క్‌లోని కార్నెగీ హాలులో జరగబోయే కచేరీకి అతన్ని పిలవాలని రికార్డుల నిర్మాత జాన్ హామండ్ వెతికించాడు, తీరా తెలిసింది మరణవార్త. అప్పుడు హామండ్ వేదిక మీది నుంచి అతని రికార్డులు రెండు వినిపించాడు. మనిషి కూర్చోవలసిన చోట పెట్టెలోంచి వస్తున్న ఆ గొంతును అంత పెద్ద హాలు ఎలా విని ఉంటుందోనని సాయంత్రమంతా ఆలోచిస్తూనే ఉన్నాను.

అతను 1936, 1937లలో రికార్డు చేసినవి మొత్తం 29 పాటలు, ఒక్కొక్కటి దాదాపు మూడు నిమిషాలు. బొటనవేలితో గిటారు కింది స్థాయి తంతులపై లయ నడుపుతూ, మిగతా వేళ్లతో పై తంతులపై పాటకు జవాబు పలికిస్తాడు. మొదటిసారి విన్నప్పుడు ఇద్దరు వాయిస్తున్నారనే అనుకున్నాను. ఈ రోజు ఒక పాటను నాలుగుసార్లు వెనక్కి తిప్పి, ఆ బొటనవేలిని ఒక్కదాన్నే వెంబడించాను.

ఇంట్లో అందరూ పడుకున్నారు. శబ్దం బాగా తగ్గించి పన్నెండో పాట పెట్టుకున్నాను. ఇంత తగ్గించినా ఆ బొటనవేలి మోత వినిపిస్తూనే ఉంది.