సిగ్నల్ లేని ఊర్ల ఓటీపీ తిప్పలు

అమ్రాబాద్, మన్ననూరు దిక్కు నల్లమల అడవిల చానా చోట్ల టవర్ అందదు. ఇంట్ల వైఫై ఉన్నా బ్యాంకు ఓటీపీ రాదు, అది ఎస్సెమ్మెస్ కాబట్టి. సెట్టింగ్స్‌ల వైఫై కాలింగ్ (టవర్ లేకున్నా వైఫై మీద కాల్స్ నడిపే సౌకర్యం) ఆన్ చెయ్యుర్రి. ఫ్లైట్ మోడ్ పెట్టి, వైఫై ఒక్కటే మళ్ల ఆన్ చేస్తే కొన్ని సిమ్ములకు మెసేజ్ దాని మీదనే రావచ్చు. పాత ఫోన్లల్ల ఈ సౌకర్యం ఉండకపోవచ్చు.

ఊకె రీసెండ్ నొక్కొద్దు. కొత్తది అడిగితే పాతది చెల్లది. సిగ్నల్ కోసం గుట్టెక్కినంక అన్ని ఒక్కపారే వచ్చి పడితే ఏది చివరిదో తెల్వది. అప్పటికి గడువు గూడ అయిపోతది.

ఎస్‌బీఐ నెట్‌బ్యాంకింగ్‌కు సెక్యూర్ ఓటీపీ యాప్ నయం, అది ఎస్సెమ్మెస్ లేకుండ ఫోన్లనే ఓటీపీ ఇస్తది. రిజిస్ట్రేషన్‌కు సిగ్నల్ కావాలె, అచ్చంపేటకు పోయినప్పుడే చేస్కోవాలె. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆర్బీఐ కొత్త నిబంధనలు ఎస్సెమ్మెస్ కాని పద్ధతులకూ దారిస్తున్నయ్. మీ బ్యాంకుల ఏమున్నదో అడగుర్రి. ఒట్టి నగదే కావాల్నంటే, ఆధార్ లింకైన ఖాతాకు బ్యాంకు మిత్ర (బ్యాంకు తరఫున నగదిచ్చే ఏజెంటు) దగ్గర ఆధార్ నంబరు, వేలిముద్ర చాలు.